కారు కింద ‘టక్ టక్’... సగం ధర పార్టుతో చిక్కు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరికి బయల్దేరాం. హైవే మీద కారు సాఫీగానే వచ్చింది. విజయవాడ దాటి ఊరి రోడ్డెక్కాక మొదలైంది అసలు సంగతి. గుంత వచ్చినా, స్పీడ్ బ్రేకర్ వచ్చినా ముందు ఎడమ చక్రం దగ్గర్నుంచి ‘టక్... టక్’. “ఏంటండీ ఆ చప్పుడు?” అంది మా ఆవిడ. “డిక్కీలో సామాన్లు కదులుతున్నాయిలే” అన్నాను. నిజం నాకు తెలుసు. నాలుగు నెలల కిందట అదే చప్పుడు వస్తే ముందువైపు లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్లు మార్పించాను. షోరూం వాళ్లు చెప్పిన ధరకి గుండె గుభేలుమంది. ఇంకో చోట సగం ధరకే దొరికాయి. “కంపెనీదే సార్, డబ్బా ఒక్కటే వేరు” అన్నాడు అమ్మినతను. నమ్మాను. నమ్మాలనిపించింది కూడా!

కనుమ వెళ్లాక విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. జాకీ పెట్టి చక్రం లేపాడు. ఆర్మ్ కింద ఓ ఇనప రాడ్డు దోపి పైకి ఎగదోశాడు. బాల్ జాయింట్ కంటికి కనిపించేంతగా పైకీ కిందికీ ఆడింది. “కొత్తదంటున్నారు, ఇదేంటి బాబూ ఇలా ఉంది? ఇంకొన్నాళ్లు ఇలాగే తిప్పితే చక్రం చేతికొచ్చేది” అన్నాడు. వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని అన్ని కిలోమీటర్లు వచ్చిన సంగతి గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

ఏది చప్పుడు, ఏది ప్రమాదం?

సస్పెన్షన్ అనగానే మనకు గుర్తొచ్చేది షాక్ అబ్జార్బరే. నిజానికి అదో జట్టు. స్ప్రింగు బరువు మోస్తుంది. షాక్ అబ్జార్బర్ ఆ స్ప్రింగు ఊగిసలాటను ఆపుతుంది. లోయర్ ఆర్మ్ చక్రాన్ని దాని చోట నిలబెడుతుంది. ఆర్మ్‌నీ చక్రాన్నీ కలిపేది బాల్ జాయింట్. మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరిగిపోకుండా చూసే కమ్మీకి లింక్ రాడ్లు ఉంటాయి. లోహానికీ లోహానికీ మధ్య రబ్బరు బుష్‌లు.

లింక్ రాడ్ అరిగితే చప్పుడొస్తుంది, బండి కాస్త ఎక్కువ ఊగుతుంది. చిరాకే తప్ప వెంటనే ప్రాణం మీదికి రాదు. బాల్ జాయింట్ అలా కాదు. అది ఊడితే చక్రం మడతపడిపోతుంది. స్టీరింగు మన మాట వినదు. అందుకే బేరం ఎక్కడ ఆడాలో, ఎక్కడ ఆడకూడదో ముందు తెలుసుకోవాలి.

బయటివన్నీ నకిలీలు కావు

ఇక్కడో అపోహ ఉంది. షోరూం డబ్బాలో ఉన్నదే అసలు, మిగతావన్నీ డూప్లికేట్ అనుకుంటాం. కార్ల కంపెనీలు ఈ పార్టుల్లో చాలావాటిని సొంతంగా తయారు చేయవు. విడిభాగాల సంస్థల దగ్గర కొంటాయి. షాక్ అబ్జార్బర్లు చేసే గాబ్రియెల్, స్టీరింగ్, సస్పెన్షన్ జాయింట్లు చేసే రాణే లాంటి సంస్థలు కార్ల ఫ్యాక్టరీలకూ ఇస్తాయి, సొంత పేరుతో బజార్లోనూ అమ్ముతాయి. కాబట్టి పేరున్న సంస్థ పార్టు బయట కొంటే తప్పేం లేదు, డబ్బూ కలిసొస్తుంది.

చిక్కంతా మిగతా రెండు రకాలతోనే. ఒకటి, ఊరూ పేరూ లేని లోకల్ సరుకు. రెండోది, పేరున్న కంపెనీ డబ్బాలాంటి డబ్బాలో పెట్టి అమ్మే నకిలీ. రెండోది మరీ ప్రమాదం. ఎందుకంటే మంచిదే కొన్నామన్న ధీమాతో తిరుగుతాం.

తేడా లోపలే ఉంది

బయటికి రెండూ ఒకేలా నల్లగా మెరుస్తుంటాయి. మంచి బాల్ జాయింట్‌లో గుండు సరైన ఉక్కుతో చేసి, వేడిచేసి గట్టిపరిచింది అయ్యుంటుంది. ఈ పని సరిగ్గా చేయకపోతే తొందరగా అరుగుతుంది, లేదా పెళుసుగా విరుగుతుంది. దానిమీద ఉండే రబ్బరు తొడుగు నాసిదైతే ఎండకీ దుమ్ముకీ పగుళ్లిస్తుంది. లోపలి గ్రీజు బయటికి పోయి వాన నీళ్లు, ఇసుక లోపలికి చేరతాయి. నాది అయింది సరిగ్గా అదే. తొడుగు చీలిపోయి, లోపల గ్రీజు బదులు తుప్పు నీళ్లున్నాయి.

బుష్‌లలో అయితే రబ్బరు లోహానికి గట్టిగా అతుక్కోవాలి. అతుకు సరిగ్గా లేకపోతే రబ్బరు విడిపోయి చప్పుడు మొదలవుతుంది. షాక్ అబ్జార్బర్ కడ్డీకి మెరుగుపూత పల్చగా ఉంటే తుప్పు చుక్కలు వచ్చి, అవి ఆయిల్ సీలును కోసేస్తాయి. తర్వాత ఆయిల్ కారడమే.

బోల్టుల్నీ తేలిగ్గా తీసుకోకండి. బోల్టు తలమీద 8.8, 10.9 అని అంకెలుంటాయి. మొదటి అంకె దాని బలం. 8 అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల లాగుడుకు తట్టుకుంటుందని, 10 అంటే 1000కి అని. 10.9 బోల్టు తీసిన చోట డబ్బాలోంచి ఏదో ఒకటి ఏరి బిగిస్తే ఊరుకోవద్దు.

బిగించడంలోనూ ఉంది

ఒక్కోసారి పార్టు మంచిదే, బిగింపు తప్పు. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దించగానే బుష్‌లోని రబ్బరు మెలిపడి, రోజూ అదే ఒత్తిడిలో ఉండి త్వరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆ బోల్టులకు ఆఖరి బిగింపు ఇవ్వాలి. ఇక ఎత్తు కోసం స్ప్రింగు మీద స్పేసర్లు పెట్టించే సరదా ఒకటి. దానివల్ల బాల్ జాయింట్లు, యాక్సిల్ జాయింట్లు ఎప్పుడూ వంకర కోణంలో పనిచేస్తూ తొందరగా అరుగుతాయి. పైగా కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చిచెప్పింది.

కొనేముందు ఇవి చూడండి

• పాత పార్టు పక్కన కొత్తది పెట్టి చూడండి. బరువు, రేకు మందం, వెల్డింగు పోల్చుకోండి.
• డబ్బా మీది పార్టు నంబరు, అక్షరాల ముద్రణ, సీలు చూడండి. కొన్ని కంపెనీలు స్కాన్ చేసే కోడ్ ఇస్తున్నాయి. దాన్ని వాడండి.
• పార్టు నంబరుతో జీఎస్టీ బిల్లు అడగండి. “బిల్లయితే ధర ఎక్కువ” అంటే అక్కడే అనుమానించాలి.
• షాక్ అబ్జార్బర్లు జతగా మార్చండి. లాక్ నట్లు కొత్తవే వేయించండి.
• పనయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి. కొన్నాళ్లు తిరిగాక ఓసారి మళ్లీ కిందినుంచి చూపించుకోండి.
• ఖాళీ డబ్బాలు చింపి పారేయండి. అవి నకిలీ సరుకుకి చొక్కాలవుతాయి.
• మోసపోతే బిల్లుతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

లెక్క వేసుకుంటే నాకు మిగిలిందేమీ లేదు. పార్టుల డబ్బు రెండుసార్లు, కూలి రెండుసార్లు, అలైన్‌మెంట్ రెండుసార్లు. మొదటే మంచిది వేయించుకున్నా ఇంతకంటే తక్కువయ్యేది.

బండి తీసుకునేటప్పుడు మేస్త్రి ఆ పాడైన ఆర్మ్‌ని గోనెపట్టాలో చుట్టి డిక్కీలో పెట్టబోయాడు. “ఇదెందుకు మేస్త్రీ?” అన్నాను. “ఉంచుకోండి బాబూ. ఈసారి ఎవరైనా డబ్బా ఒక్కటే వేరంటే తీసి చూసుకోండి” అన్నాడు. ఇప్పటికీ అది మా డిక్కీలోనే ఉంది. అప్పుడప్పుడూ కదిలి ‘టక్’మంటుంది. ఇప్పుడు మాత్రం ఆ చప్పుడు నిజంగానే సామాన్లది.