‘అవునా, కాదా?’ అంటుంది కంప్యూటరు!

‘లక్ష్మి’ అన్న పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారు? ఒకామె ‘కె.ఎస్.’ పెట్టి రాస్తే, పక్కింటామె ‘ఎక్స్’ పెట్టి రాస్తుంది. మనకి ఇద్దరూ లక్ష్ములే! కంప్యూటరుకి మాత్రం ఆ రెండూ వేరు వేరు పేర్లు.

ఎందుకో తెలియాలంటే పిల్లలు నేర్చుకునే పైథాన్ భాషలోకి కాస్త తొంగిచూడాలి. అందులో ‘ఇఫ్’ అని ఒక మాట ఉంది. ‘పాలు పొంగితే స్టవ్ ఆపు, లేకపోతే మరగనివ్వు’ అన్నట్టన్నమాట. మనమైతే పాలు పొంగబోతున్నాయని వాసన బట్టే పసిగడతాం. దానికి ఆ తెలివి లేదు. అడిగినదానికి ట్రూ, ఫాల్స్ అని రెండే జవాబులు. ‘ఇంచుమించు నిజం’ అన్నది దాని నిఘంటువులో లేదు.

ఈ జవాబులకి ‘బూలియన్’ అని పేరు. తర్కాన్ని లెక్కల్లోకి తెచ్చిన జార్జి బూల్ పేరు మీద వచ్చిందది. ఆయన 1864లో పోతే, భార్య మేరీ అయిదుగురు ఆడపిల్లలతో మిగిలింది. ఎవరెస్టు శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ దొరగారి సోదరుడి కూతురే ఈవిడ. అట్టముక్కలకి చిల్లులు పెట్టి, సూదీ దారంతో పిల్లలకి జామెట్రీ నేర్పేదట! ఆయన పేరు నిలిచినంతగా ఈవిడ పేరు నిలవలేదు, అది వేరే సంగతి.

పైథాన్‌లో ఒక ‘ఈక్వల్ టు’ గుర్తు పెడితే ‘ఇది దాచుకో’ అని అర్థం. పక్కపక్కనే రెండు పెడితే ‘ఇవి రెండూ ఒకటేనా?’ అని అడిగినట్టు. ఒక అక్షరం పెద్దదైనా, మధ్యలో ఒక ఖాళీ ఎక్కువైనా, ఫాల్స్!

మన ఆళ్ళగడ్డనే తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా అది కర్నూలు జిల్లాలోది. అక్కడి ఇల్లాలు గడప దాటలేదు, వాకిట్లో ముగ్గు మారలేదు. అయినా పాత కాగితం మీద కర్నూలు, కొత్త కాగితం మీద నంద్యాల. ఆ నంద్యాలని కూడా ఇంగ్లీషులో చివర ‘ఎ’ పెట్టి కొందరు, పెట్టకుండా కొందరు రాస్తారు. ఇక ఆడవాళ్ళకి అదనపు తంటా ఇంటిపేరు. టెన్త్ సర్టిఫికెట్ మీద పుట్టింటిది, తర్వాతి కాగితాల మీద అత్తింటిది. మనిషి ఒక్కతే అని మనకి తెలుసు, యంత్రానికి ఎవరు చెప్పాలి?

పరీక్ష రాసేవాళ్ళే చెప్పాలి. అక్షరాలన్నీ చిన్నవి చేసి, అనవసరమైన ఖాళీలు తీసేసి పోల్చవచ్చు. ‘ఆర్’ అన్న మాటతో రెండు జిల్లాల పేర్లూ ఒప్పుకోమనవచ్చు. అదీ జాగ్రత్తగానే చెయ్యాలి సుమా! మనం మాట్లాడినట్టు ‘జిల్లా కర్నూలు లేదా నంద్యాల అయితే’ అని రాస్తే అనంతపురం ఆవిడ కూడా లోపలికి వచ్చేస్తుంది. ఎందుకంటే పైథాన్‌కి ఖాళీగా లేని మాట ఏదైనా నిజం కిందే లెక్క. విడిగా నిలబడ్డ ‘నంద్యాల’ ఎప్పుడూ ట్రూయే. అందుకని ‘జిల్లా కర్నూలు అయితే, లేదా జిల్లా నంద్యాల అయితే’ అని రెండుసార్లూ విడమరచి రాయాలి.

మీ ఇంట్లో పైథాన్ నేర్చుకునే పిల్లలుంటే ఈ ఆదివారం ఒక పని చేయించండి. టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టు మీ పేరు ఒకసారి, ఆధార్‌లో ఉన్నట్టు మరొకసారి, రెంటినీ కొటేషన్లలో పెట్టి, మధ్యన రెండు ఈక్వల్ టులు కొట్టమనండి. ఫాల్స్ అని వస్తే, కాగితాలతో పని పడకముందే ఏదో ఒకటి దిద్దించుకోవచ్చు.