గోడ మీది పటం ఎక్కడికెళ్లి వచ్చింది?

పోయిన దీపావళికి ముందు మా ఇంటికి రంగు వేయించినం. గోడలు ఆరినంక మా కోడలు పాత పటాలు మళ్ల తగిలియ్యనియ్యలేదు. "మామా, ఇగ ఇవన్ని వద్దు, ఆన్‌లైన్‌ల పోస్టర్లు తెప్పించిన" అన్నది. మూడు వచ్చినయి. వాటి మీద దేవుడు లేడు, మనిషి లేడు, చెట్టు లేదు. ఉత్త డబ్బాలు, గీతలు. పసుపు, నలుపు, ఎరుపు. నేను నేసిన మార్కండేయ మహర్షి వాల్ హ్యాంగింగ్ మడతబడి పెట్టెలకు పోయింది. నేనేం అనలేదు గాని, రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు చాయ్ తాగుకుంట ఆ పోస్టర్ దిక్కే చూస్తున్న. డబ్బాలన్ని నిలువు, అడ్డం. ఒక్క వంపు లేదు. రెండు రంగులు కలిసిన చోట మూడో రంగు. మిల్లులో, తర్వాత చద్దర్ కార్ఖానాలో ముప్పై ఏండ్లకు పైగా పడుగు పేకలు చూసిన కండ్లు నావి. ఇది మగ్గం మీది డిజైన్ అనిపించింది. కాలేజీల టెక్స్‌టైల్ డిజైన్ చదివే మా మనవరాలిని పిలిచి చెప్పిన. పిల్ల పోస్టర్ కింది చిన్న అక్షరాలు చదివి, "తాతా, నిజమే!" అన్నది. తర్వాత తన పుస్తకాలు తెచ్చి చదివి వినిపించింది. అందులో తెలుసుకున్నవి మీకు చెప్తున్నాను.

జర్మనీలో 1919లో బౌహౌస్ అనే కళల పాఠశాల పెట్టినారు. అక్కడ ఆడపిల్లలను ఎక్కువగా నేత విభాగానికే పంపేవారు. యాన్నీ ఆల్బర్స్ అనే ఆమె 1922లో చేరింది. ఆమెకు గాజు పని నేర్చుకోవాలని ఉండె, కాని మగ్గం దగ్గర కూర్చోబెట్టినారు. ఆమె ఆ మగ్గం మీదనే గోడకు వేలాడదీసే బట్టలు నేసింది. మగ్గం నిలువు, అడ్డం తప్ప వేరే దారి ఇయ్యదు కదా, అందుకే ఆ డబ్బాలు. 1933లో నాజీల ఒత్తిడికి బడి మూతబడింది. ఆమె అమెరికా పోయింది. 1949లో న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఆమె ఒక్కతి పనితోనే ప్రదర్శన పెట్టినారు. అక్కడ ఒక నేతగత్తెకు అట్లాంటి గౌరవం దక్కడం అదే మొదలు. మా గోడ మీద ఉన్నది ఆమె నేసిన బట్ట బొమ్మనే!

ఇంకొకటి వినండి. సుమారు మూడు వందల యాభై ఏండ్ల కింద యూరప్ ఇండ్లకు సోకు మన తెలుగు సముద్రతీరం నుంచే పోయింది. మచిలీపట్నం రేవు నుంచి కలంకారీ బట్టలు ఓడల మీద పోయేవి. పెద్ద చెట్టు, పూలు, పిట్టలు ఉన్న పలంపోష్‌లను అక్కడ మంచాలకు, గోడలకు కట్టుకునేవారు. అక్కడి వ్యాపారులు తమకు నచ్చే నమూనాలు ఇక్కడికి పంపేవారు, మనవాళ్లు వాటిని తమ తీరుగా మార్చి అద్దేవారు. మోజు ఎంత పెరిగిందంటే అక్కడి నేతపనివాళ్లు పని పోతున్నదని గోల చేసినారు. ఫ్రాన్స్ 1686లో ఆ బట్టలను నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ కూడా 1721లో గట్టి చట్టం తెచ్చింది. తర్వాత వాళ్లే మిషన్ల మీద అచ్చు వేసి మనకు అమ్మినారు.

ఆ మాంచెస్టర్ తానుల మీద రంగురంగుల టిక్కాలు అతికించి వచ్చేవి. దేవుళ్లు, రాజులు, ఏనుగుల బొమ్మలు. 1894లో రాజా రవివర్మ బొంబాయి గిర్గాంలో జర్మన్ మిషన్లతో ప్రెస్ పెట్టినాడు. తర్వాత అది లోనావాలా దగ్గరి మళవలీకి మారింది. మన చాల్‌లలో గోడలకు ఉండే లక్ష్మి, సరస్వతి పటాలకు దారి వేసింది ఆ ప్రెస్సే. అంటే మనం "పాతది" అనేది కూడా ఒకనాటి కొత్త ఫ్యాషనే.

మరి ఇప్పటి ఫ్యాషన్? ఏటా జనవరిలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో హైమ్‌టెక్స్‌టిల్ అని ఇంటి బట్టల పెద్ద జాతర జరుగుతుంది. ముందు ఏ రంగులు, ఏ నమూనాలు నడుస్తాయో అక్కడ చూపిస్తారు. అమెరికాలోని పాంటోన్ కంపెనీ ఏటా డిసెంబర్‌లో వచ్చే ఏడు రంగు ఇదని చెప్తుంది. 2020కి క్లాసిక్ బ్లూ అన్నారు. నేను పని చేసిన కాలంలో ఎగుమతి టవళ్ల ఆర్డర్ రంగు ఉన్నట్టుండి మారేది. సేటుకు పిచ్చి పట్టిందని మేము నవ్వుకునేవాళ్లం. ఫ్యాషన్ ఇంటికి రాకముందే మన మగ్గం మీదికి వస్తుందని అప్పుడు తెలియలేదు.

ఇదంతా విని మా కోడలు పెట్టె తీసింది. వాల్ హ్యాంగింగ్ పరిచి, "మామా, ఇది మీరు నేసిందా? బజార్ల కొన్నదనుకున్న" అన్నది. తప్పు నాది. ఇంటికి వచ్చి పన్నెండేండ్లయినా ఆ పిల్లకు నేను ఒక్కనాడు చెప్పలేదు. గ్రాఫ్ కాగితం మీద గీసినోడు ఒకడు, పేకకు ఒక అట్ట చొప్పున వేల అట్టలకు చిల్లులు కొట్టినోడు ఇంకొకడు, జకార్డ్ మీద నేసింది నేను. ముగ్గురి పేర్లు దాని మీద ఎక్కడా లేవు. యాన్నీ ఆల్బర్స్ పేరు మాత్రం వందేండ్ల తర్వాత మా ఇంటి దాక వచ్చింది.

ఇప్పుడు రెండూ ఒకే గోడకు పక్కపక్కన ఉన్నయి. మా బట్ట వెనక తెల్లగుడ్డ కుట్టించి, ముగ్గురి పేర్లు, ఏడాది మనవరాలితో రాయించిన. అన్నలారా, అక్కలారా, మీ ఇంట్లో మీ చేతి పని ఏదన్నా ఉంటే, చద్దరైనా, చీరైనా, ఈ ఆదివారం తీసి వెనక పేరు రాయించండి. మన పిల్లలకు మనమే చెప్పకపోతే ఇంకెవరు చెప్తరు?