శుక్రవారం పాత వంతెన.. సోమవారం కొత్తది! 55 గంటల్లో ఎలా మార్చేశారంటే?

శుక్రవారం సాయంత్రం పాత వంతెన మీదుగా ఇంటికెళ్లారు. సోమవారం పొద్దున్నే అదే దారిలో ఆఫీసుకు బయల్దేరితే అక్కడ కొత్త వంతెన! 2011 వేసవిలో అమెరికాలోని బోస్టన్ పక్కనే ఉన్న మెడ్‌ఫోర్డ్‌లో నిజంగానే జరిగింది ఇది. ఇంటర్‌స్టేట్-93 హైవేపై 14 వంతెనలను కేవలం 10 వీకెండ్లలో మార్చేశారు. మామూలు పద్ధతిలో అయితే నాలుగేళ్లు పట్టేదని అంచనా.

ఇంత హడావుడి ఎందుకంటే.. 2010 ఆగస్టులో ఓ వంతెన శ్లాబుకు ఏకంగా రంధ్రం పడింది. అవన్నీ 1950ల నాటివి. రోజూ దాదాపు 2 లక్షల వాహనాలు తిరిగే రోడ్డు. వంతెనలు మార్చక తప్పదు, అలాగని రోడ్డును నెలల తరబడి మూసేయనూ లేరు.

అందుకే పనిలో ఎక్కువ భాగాన్ని హైవే మీద కాకుండా వేరే చోట కానిచ్చేశారు. స్టీల్ గర్డర్లపై కాంక్రీట్ శ్లాబు పోసి, భారీ ముక్కలుగా ముందే రెడీ చేసి పెట్టుకున్నారు. శ్లాబు గట్టిపడేందుకు పట్టే టైమంతా అక్కడే గడిచిపోయింది. కింది పిల్లర్లు మాత్రం పాతవే.

శుక్రవారం రాత్రి కాగానే ట్రాఫిక్‌ను హైవేలో ఒక వైపుకు మళ్లించేవారు. వచ్చే బండ్లు, పోయే బండ్లు రెండూ అటే. రెండో వైపు పాత శ్లాబును పగలగొట్టి తీసేసి, క్రేన్లతో కొత్త ముక్కలను పేర్చేవారు. సోమవారం ఉదయం 5 గంటలకల్లా రోడ్డు తెరవాల్సిందే. అంటే చేతిలో ఉన్నది 55 గంటలే.

అసలు టెన్షన్ అంతా చివర్లోనే. ముక్కకూ ముక్కకూ మధ్య సందులను కాంక్రీట్‌తో నింపాలి. మామూలు కాంక్రీట్ అయితే రోజులు ఆగాలి. అందుకే గంటల్లోనే గట్టిపడే ప్రత్యేక కాంక్రీట్ వాడారు. ముక్క కొలతలో తేడా వచ్చినా, క్రేన్ మొరాయించినా సోమవారం పొద్దున బోస్టన్ ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు.

మన దగ్గర రైల్వే గేట్ల వద్ద అండర్‌పాస్‌లు కట్టేటప్పుడు కూడా దాదాపు ఇదే పద్ధతి. కాంక్రీట్ బాక్సులను ముందే పోసి ఉంచుతారు. రైళ్లను కొన్ని గంటలు ఆపి, పట్టాలు తీసి, తవ్వి దించేస్తారు. అయితే ఇది అన్నిచోట్లా పనికిరాదు. పిల్లర్లే దెబ్బతింటే పైభాగం మార్చి లాభం లేదు. భూసేకరణ దగ్గరే ఆగిపోయిన ఫ్లైఓవర్‌కైతే ఏ క్రేనూ అక్కరకు రాదు.

మెడ్‌ఫోర్డ్‌లో చివరి వంతెన పని 2011 ఆగస్టులో పూర్తయింది. రంధ్రం పడి అప్పటికి దాదాపు ఏడాది.