ప్రాణహిత తీరమున రాత్రి రేడియో: ప్లాస్మా తరంగములను శోషించు విధము

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొనను, ప్రాణహిత యొడ్డున సిరోంచ యున్నది. ఆవలి గట్టు తెలంగాణము. పెక్కు కుటుంబములకు ఇచట తెలుగు ఇంటిభాష, కచేరీభాష మరాఠీ. ఇట్టి సీమలో, పుస్తకము చేరని యింటికిని తెలుగు వినిపింపగల సాధనము రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948లో ప్రారంభమయ్యెను; హైదరాబాదు కేంద్రము 1950లో ఆకాశవాణిలో చేరెను. సిరోంచకు సరళరేఖలో హైదరాబాదు సుమారు 225, విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. ఇంతటి దూరమునుండి వచ్చు మధ్యమ తరంగములు పగలు సన్నగిలి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట బలపడును. ఇది పెట్టెలోని లోపము కాదు, కేంద్రమువారి అలక్ష్యమును కాదు. కారణము ఆకాశమున నున్నది.

భూమికి సుమారు 60 కిలోమీటర్ల పైనుండి సూర్యకిరణములు గాలి యణువులనుండి ఎలక్ట్రానులను విడదీయుచుండును. ఇట్లు ఏర్పడిన విద్యుత్కణముల మిశ్రమమునకు 1928లో లాంగ్‌మ్యూర్ ప్లాస్మా యని పేరిడెను. అయనావరణమను ఈ పొరను 1902లో కెనెలీ, హెవిసైడ్ ఊహించిరి. 1924లో ఆపిల్టన్ ప్రయోగమున నిరూపించెను.

రేడియో తరంగము ప్లాస్మాను తాకగానే ఎలక్ట్రానులు ఊయలవలె ఊగును. అడ్డు లేనిచో అవి తాము గ్రహించిన శక్తిని తరంగమునకే తిరిగి యిచ్చును. నడుమ గాలి యణువును ఢీకొన్నచో, స్తంభమునకు తగిలిన ఊయలవలె ఊపు చెడును. ఆ శక్తి వేడిగా మారును. ఇదియే శోషణము.

60 మొదలు 90 కిలోమీటర్ల వరకు గల డి-పొరలో గాలి కొంత దట్టము, అభిఘాతములు మెండు. దానిపై పొరలలో గాలి పలుచన. అచట తరంగము అంతగా నశింపక క్రిందికి మరలును. కనుక పగటి తరంగము, ఏరు దాటునపుడును మరలునపుడును సుంకము చెల్లించు బాటసారివలె, డి-పొరలో రెండుమారులు నష్టపడును. సూర్యాస్తమయానంతరము డి-పొర ఎలక్ట్రానులు త్వరగా అణువులతో కలిసిపోవును. పై పొరలు మాత్రము నిలుచును. సుంకము తొలగి, అద్దము మిగులును. నేలవెంట వచ్చు తరంగమును, ఆకాశమునుండి మరలినదియు ఒకప్పుడు కూడి, ఒకప్పుడు ఒకదానినొకటి తగ్గించుటచేతనే రాత్రి స్వరము హెచ్చి తగ్గుచుండును.

పౌనఃపున్యము రెట్టింపైనచో ఈ శోషణము సుమారు నాలుగవ వంతుకు దిగును. కావుననే పగటివేళ దూరదేశముల హ్రస్వతరంగములు వినవచ్చును. ఎఫ్.ఎం. తరంగములు మరింత సులభముగా చొచ్చుకొనిపోవును. కాని సాధారణముగా పరావర్తనము చెందవు గనుక దూరము పోవు.

మానవనిర్మిత పదార్థములలోను శక్తి తుదకు వేడియే యగును. బొగ్గుపొడి కలిపిన నురుగుదిమ్మలలో ఎలక్ట్రానులు ఢీకొని తరంగశక్తిని హరించును. ఫెర్రైటులో సూక్ష్మ అయస్కాంతములు తరంగముయొక్క అయస్కాంత క్షేత్రమును వెంటనే యనుసరింపలేక వెనుకబడుటచే శక్తి నశించును. కంప్యూటరు తీగలపై కానవచ్చు గుండ్రని ఉబ్బులో నుండునది సాధారణముగా ఇదియే.

తెలుగునాట వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావుగారి నేతృత్వమున అయనావరణ పరిశోధన సాగెను. సరిహద్దు బడిపిల్లలకు ఈ శాస్త్రము దూరపుది కానక్కరలేదు. మధ్యమ తరంగములను పట్టు పాతపెట్టెను మధ్యాహ్నమొకమారు, చీకటిపడిన పిదప నొకమారు త్రిప్పిచూచిన చాలును. తెలుగు మాటకు ప్రాణహిత ఎన్నడును అడ్డు కాలేదు. అడ్డము నిలిచినది పగటి సూర్యుడని వారే గ్రహింతురు.