చేయి తగలని నల్లా

నాగార్జునసాగర్ రోడ్డు హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డును దాటే చోటు బొంగులూరు గేటు. అక్కడ కొత్తగా కట్టే ఇళ్ళలో సెన్సర్ నల్లా కావాలంటే పెద్ద చిక్కేమీ లేదు. పైపులు వేసేటప్పుడే చెబితే ప్లంబరు దానికి తగ్గట్టు అమరుస్తాడు. పాత ఇళ్ళ సంగతి వేరు. ఇబ్రహీంపట్నం మండలంలో ఏ ఊళ్ళోకి వెళ్ళినా ముప్ఫై నలభై ఏళ్ళ కిందటి స్లాబు ఇళ్ళు కనిపిస్తాయి. మిద్దె మీద ట్యాంకు, వంటింట్లో కడప బండ గట్టు, గోడలోంచి బయటికి వచ్చిన ఇత్తడి నల్లా. అలాంటి ఇంట్లో అమ్మలకో అత్తలకో కీళ్ళనొప్పులతో నల్లా తిప్పడం కష్టమైతే, పిల్లలు పట్నం నుంచి సెన్సర్ నల్లా తెచ్చి బిగించమంటారు. ఆ కోరిక న్యాయమైనదే. జొన్నరొట్టె పిండి అంటిన చేత్తో, కోడికూర కడిగిన చేత్తో నల్లా తిప్పుతాం. కడుక్కున్న తర్వాత శుభ్రమైన చేత్తో మళ్ళీ అదే నల్లాను బంద్ చేస్తాం. వదిలిన మురికి తిరిగి చేతికే వస్తుంది.

మనిషి తిప్పకుండానే నీళ్ళు రావాలన్న ఆశ చాలా పాతది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన హీరో అనే ఇంజినీరు ఒక పెట్టెను వర్ణించాడు. అందులో నాణెం వేస్తే ఆ బరువుకు మీట వంగి, గుడి తీర్థం కొంచెం ధార కట్టేది. అల్ జజరీ అనే ఇంజినీరు 1206లో పూర్తిచేసిన యంత్రాల గ్రంథంలో చేతులు కడుక్కునే నెమలి ఉంది. దాని ముక్కులోంచి నీళ్ళు పడతాయి. కడిగిన నీళ్ళు కింద నిండేకొద్దీ లోపలి తేలుడుబిళ్ళ పైకి లేస్తుంది, ముందు సబ్బుపొడి పట్టుకున్న బొమ్మ, తర్వాత తువ్వాలు పట్టుకున్న బొమ్మ బయటికి వస్తాయి. ఈ రెండింటినీ నడిపింది బరువూ నీళ్ళే. చెయ్యి వచ్చిందని చూసి తెలుసుకునే కన్ను మాత్రం వాటికి లేదు.

ఆ కన్ను కథ 1800లో మొదలైంది. విలియం హెర్షెల్ సూర్యకాంతిని గాజు పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కో రంగు దగ్గర థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటిన తర్వాత, కంటికి ఏ రంగూ కనిపించని చోట వేడి ఇంకా ఎక్కువగా ఉంది. అదే పరారుణ కాంతి. దాన్ని కావలసినప్పుడు, కావలసినంత పుట్టించే చిన్న దీపం దొరకడానికి ఇంకో 160 ఏళ్ళు పట్టింది. 1961లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో బాబ్ బియార్డ్, గ్యారీ పిట్‌మన్ గాలియం ఆర్సెనైడ్‌తో వేరే పనికోసం డయోడు చేస్తుంటే, అది పరారుణ కాంతి వెదజల్లుతోందని గమనించారు. మరుసటి ఏడాది ఆ కంపెనీ అలాంటి దీపాన్ని 130 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు అదే జాతి దీపం టీవీ రిమోటు ముక్కున ఉంటుంది, సెన్సర్ నల్లా మెడలోనూ ఉంటుంది.

పనితీరు సులువే. దీపం సెకనుకు కొన్నిసార్లు మెరుస్తుంది. చెయ్యి అడ్డొస్తే ఆ కాంతి కొంత వెనక్కి వచ్చి పక్కనున్న గ్రాహకం మీద పడుతుంది. తాను పంపిన మెరుపుల లయలోనే కాంతి తిరిగొచ్చిందా లేదా అని చిప్పు పోల్చి చూస్తుంది, అందువల్ల వంటింటి బల్బును చూసి మోసపోదు. చాలా సెన్సర్లు 940 నానోమీటర్ల కాంతిని వాడటానికి ఒక చక్కని కారణం ఉంది. గాలిలోని నీటి ఆవిరి సూర్యకాంతిలో ఆ భాగాన్ని దారిలోనే చాలావరకు పీల్చేస్తుంది కాబట్టి కిటికీలోంచి పడే ఎండ దాన్ని అంతగా కలవరపెట్టదు. అయితే వంటింట్లో స్టీలు గిన్నె ఉంది. తళతళలాడే గిన్నె కాంతిని ఒక్కోసారి పక్కకు విసిరేస్తుంది, అప్పుడు నీళ్ళు రావు. ఒక్కోసారి సింకు స్టీలే తిప్పికొడుతుంది, అప్పుడు ఎవరూ లేకుండానే నీళ్ళు పోతాయి. కట్టెలపొయ్యి మీద నల్లబడ్డ బోలె అడుగు కాంతిని మింగేస్తుంది. ఎంత దూరం వరకు చూడాలో సరిచేసుకునే వీలున్న నల్లా కొనడం అందుకే మంచిది.

ఇలాంటి నల్లాలు 1980ల చివర్లో విమానాశ్రయాల శౌచాలయాల్లో జనానికి పరిచయమయ్యాయి. వంటింటికి రావడం ఆలస్యమైంది. అమెరికాలో మోయెన్ కంపెనీ చేయి ఊపితే తెరుచుకునే వంటింటి నల్లాను 2012లో తెచ్చింది. చేతులు కడగడం ఒకటే పనైతే సెన్సర్ చాలు. బిందె నింపాలన్నా, బియ్యం కడగాలన్నా, సన్నటి ధార కావాలన్నా చేత్తో తిప్పే పిడి కూడా ఉండాలి.

కన్ను చూసింది సరే, తలుపు తీసేదెవరు? పాత ఇంటి అసలు కష్టం ఇక్కడుంది, కొనేటప్పుడు ఎవరూ చెప్పనిదీ ఇదే.

1825లో విలియం స్టర్జన్ ఇనుప కడ్డీకి తీగ చుట్టి, కరెంటు పంపి, తన బరువుకు ఎన్నో రెట్లు ఎత్తే విద్యుదయస్కాంతాన్ని చూపించాడు. నల్లా కింద పెట్టెలో దాగిన సోలినాయిడ్ వాల్వు దాని వారసుడు. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు, అంటే 6 వోల్టులు, నీటి ధారను నేరుగా ఆపలేవు. అందుకే ఇంజినీర్లు ఆ పనిని నీళ్ళకే అప్పజెప్పారు. వాల్వులో ఒక రబ్బరు పొర ఉంటుంది. దానికో సూదిబెజ్జం. పైపులోని నీళ్ళు ఆ బెజ్జంగుండా పొర పైనున్న గదిలోకి చేరి, పొరను కిందికి అదుముతాయి. పొర కింద మధ్యభాగం బయటి గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి పైనుంచి వచ్చే తోపుడే గెలుస్తుంది, దారి మూసుకుంటుంది. చెయ్యి కనిపించగానే అయస్కాంతం ఒక్క క్షణం పనిచేసి, పై గదికున్న చిన్న రంధ్రాన్ని తెరుస్తుంది. గదిలో ఒత్తిడి పడిపోతుంది, కిందినుంచి నీళ్ళు పొరను లేపుకొని వస్తాయి. తెరిచిన స్థితిలో పట్టి ఉంచేది శాశ్వత అయస్కాంతం, మూయడానికి ఇంకో క్షణం ఎదురు కరెంటు చాలు. బ్యాటరీలు నెలల తరబడి నిలిచేది అందుకే. కరెంటు పోయినా ఈ నల్లాకు పట్టింపు లేదు.

పట్టింపు ఒత్తిడితోనే. 10 మీటర్ల ఎత్తు నీళ్ళు దాదాపు 1 బార్ ఒత్తిడినిస్తాయి. ఒక్క అంతస్తు ఇంట్లో స్లాబు 3 మీటర్ల ఎత్తున ఉంటుంది. ట్యాంకులో నీటిమట్టం దానికి ముప్పావు మీటరు పైన, నల్లా నేలకు మీటరు పైన అనుకుంటే మిగిలేది 2.75 మీటర్లు, అంటే పావు బార్‌కు కాస్త ఎక్కువ. ఇలాంటి నల్లాల కాగితాల్లో సాధారణంగా కనీసం అర బార్ కావాలని రాసి ఉంటుంది. వాల్వు నోరు 10 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుంటే, 2 బార్ల దగ్గర దాన్ని మూసి ఉంచే బలం కిలోన్నర బరువుకు సమానం. మన మిద్దె ట్యాంకు ఇచ్చేది 200 గ్రాములు. రబ్బరు కింద ఇసుక రేణువు ఒక్కటి చిక్కినా ఆ బలం చాలదు, నల్లా కారుతూనే ఉంటుంది. వాషింగ్ మెషిన్‌లోకి నీళ్ళు తీసుకునే వాల్వూ ఇదే రకం. మెషిన్ నీళ్ళు పట్టుకోవడానికి చాలాసేపు తీసుకునే ఇంట్లో సెన్సర్ నల్లా కూడా ఇబ్బంది పెడుతుందని ముందే ఊహించవచ్చు.

దీనికి తోడు పాత జీఐ పైపులు, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టాలు. లోపల తుప్పు పట్టి దారి సగం వెడల్పుకు తగ్గితే నీళ్ళు సగానికి కాదు, దాదాపు ఆరో వంతుకు పడిపోతాయి. ఊడిన తుప్పులో అయస్కాంతానికి అంటుకునే రేణువులుంటే అవి వాల్వు దగ్గరే పేరుకుంటాయి. ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైట్. దాని పగుళ్ళలోంచి వచ్చే బోరు నీళ్ళ ఉప్పదనం గిన్నెల మీద తెల్లని మరకలుగా చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. గిన్నె మీద మరకైతే తోమితే పోతుంది, సూదిబెజ్జంలో చేరితే వాల్వే ఆగిపోతుంది. హైదరాబాదుకు 2004 నుంచి కృష్ణా నీళ్ళు సాగర్ రోడ్డు దిక్కు నుంచే, గున్‌గల్ జలాశయం మీదుగా వస్తున్నాయి. నది నీళ్ళు అందే ఇంట్లో ఈ బెడద తక్కువ. చాలా ఇళ్ళలో మాత్రం బోరు నీళ్ళు, నది నీళ్ళు ఒకే ట్యాంకులో కలుస్తాయి.

ట్యాంకును 2 మీటర్ల స్టాండు మీదికి ఎక్కిస్తే ఒత్తిడి అర బార్ దగ్గరికి వస్తుంది. కానీ 1000 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళే టన్ను బరువు. పాత స్లాబు నడుమ ఆ బరువు నాలుగు కాళ్ళ మీద మోపకూడదు, కాళ్ళు గోడల మీదికి రావాలి. ప్రెషర్ పంపు పెట్టవచ్చు, అయితే నలభై ఏళ్ళుగా పావు బార్‌కు అలవాటుపడిన జాయింట్లు ఎక్కడ చెమరుస్తాయో చూసుకోవాలి. నా లెక్కలో అన్నిటికన్నా మేలైనది, రబ్బరు పొర లేకుండా చిన్న మోటారుతో బంతి తిరిగే వాల్వున్న నల్లా. దానికి నీటి ఒత్తిడితో పనిలేదు. బ్యాటరీ కొంచెం త్వరగా అయిపోతుంది, అంతే.

చేయి తగలనంత మాత్రాన నీళ్ళు శుభ్రమని అనుకోకూడదు. 2011లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి పరిశోధకులు సెన్సర్ నల్లాల నీటి నమూనాల్లో 50 శాతంలో, మామూలు నల్లాల నమూనాల్లో 15 శాతంలో లీజియోనెల్లా బాక్టీరియాను కనుగొన్నట్టు ప్రకటించారు. వాల్వులోని మూలలూ రబ్బరు భాగాలూ సూక్ష్మజీవులు అంటిపెట్టుకోవడానికి వీలిచ్చాయని వాళ్ళ అనుమానం. ఆ ఆసుపత్రి పాత రకానికే మళ్ళింది. రోజంతా నీళ్ళు పారే వంటిల్లు రోగుల వార్డు కాదు. అయినా ఊరెళ్ళి వారం తర్వాత వస్తే, మొదటి ధారను కాసేపు వదిలేయడం మంచిది.

బిగించేటప్పుడు ముందుగా చేయాల్సింది పైపు కడగడం. వాల్వు తగిలించకముందే యాంగిల్ కాక్ పూర్తిగా తిప్పి, బకెట్‌లోకి ఎర్రనీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా వదలాలి. తర్వాత స్టీలు జాలి, ఆపైన వాల్వు, దాని మీది బాణం గుర్తు నీళ్ళు పోయే వైపుకు. గట్టు మీద నిలబడే నల్లాకు సాధారణంగా 35 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. కడప బండ పొరలు పొరలుగా ఉండే రాయి, సుత్తి ఉలి తగిలితే పెచ్చులూడుతుంది. డైమండ్ కోర్ బిట్‌తో, నీళ్ళు పోస్తూ, నెమ్మదిగా దింపాలి. బ్యాటరీ పెట్టె సింకు కింద తడి చేరని ఎత్తున గోడకు ఉండాలి. జాలిని నెలకోసారి విప్పి, సున్నం పడితే నిమ్మరసంలో నానబెట్టి కడగాలి.

గోడమీది ఇత్తడి నల్లాను మాత్రం పీకించవద్దు. ఒక టీ జాయింటు వేసి రెంటికీ నీళ్ళివ్వడానికి ప్లంబరుకు అరగంట పని. బిందెలు, బకెట్లు దాని కింద నిండుతాయి, పిండి చేతులు, మసాలా చేతులు కొత్తదాని కిందికి వెళ్తాయి.