పరీక్షా భయము – తోడ్పాటు ఎచట లభించును?

పరీక్షకు ముందు కొంత ఆందోళన కలుగుట సహజము. అపాయము తోచినపుడు శరీరమున ఎడ్రినలిన్ అను స్రావము హెచ్చును. గుండె వేగముగా కొట్టుకొనును, అరచేతులు చెమర్చును. ఇది పిరికితనము కాదు. అట్టి వేళ నెమ్మదిగా ఊపిరి విడుచుచు, తెలిసిన ప్రశ్నతో ఆరంభింపవలెను. కాని నిద్ర పట్టక, అన్నము సహింపక దినములు గడచుచున్నచో సహాయము కోరవలెను.

అండమాన్ నికోబార్ దీవుల పాఠశాలలు కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి పరీక్షలకు విద్యార్థులను పంపుచున్నవి. ఈ మండలి 1998 నుండి పరీక్షల కాలమున విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఉచితముగా సలహా లొసగుచున్నది. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము టెలి మానస్ సేవను ప్రారంభించెను. 14416 సంఖ్యకు ఫోను చేసి రేయింబవళ్ళు, రుసుము లేకుండ, తెలుగులో సైతము మాటాడవచ్చును. ఓడకై వేచియుండవలసిన దూరపు దీవులవారికి ఇది మిక్కిలి ఉపయోగకరము. పోర్టు బ్లెయిరున, అనగా 2024 నుండి శ్రీ విజయపురమున, జి. బి. పంత్ ఆసుపత్రి కలదు.

తల్లిదండ్రులు తమ బిడ్డను ఇతరుల బిడ్డలతో పోల్చరాదు. "బ్రదుకవలెనని లేదు" అని బిడ్డ పలికినచో, దానిని బెదిరింపుగా తలపక, ఒంటరిగా విడువక, తత్‌క్షణమే ఫోను చేయుడు. పరీక్షను మరల వ్రాయవచ్చును. ప్రాణము మరల రాదు.