మీకు తెలుసా? దైవమహిమ గల వస్తువులు ఎవరికి వశమగును?

1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను అమెరికనులు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను పాత్రధారణ క్రీడయొక్క మూడవ కూర్పునందు (2000) మంత్రములు వ్రాసిన చుట్టలు విద్యార్జితములనియు దైవదత్తములనియు రెండు తెగలుగా నుండుటచేత, అర్చకుడు రచించిన చుట్టను మాంత్రికుడు, ఎంతటి పండితుడైనను, ఉన్నపళముగా ప్రయోగింపజాలడు. అర్చకునకైనను ఆ మంత్రము తన వర్గపు పట్టికలో నుండవలెను, దానికి తగిన వివేకాంకమును ఉండవలెను. ఒకమారు చదివినంతనే అక్షరములు మాయమగును. పానీయములకు మాత్రము ఈ మడి లేదు, ఎవరు త్రాగినను ఫలించును. మాయోపకరణములను ఏమార్చి వాడుకొను నేర్పు దొంగ పాత్రకు కలదు, అది వేరు సంగతి!

అన్నిటికంటె రమణీయమైనది ‘హోలీ అవెంజర్’ అను ఖడ్గము: సామాన్యుని చేత అది +2 కత్తి మాత్రమే, ధర్మవ్రతుడగు పాలడిన్ చేపట్టగానే +5 పవిత్రాయుధమై, దుష్టులపై ప్రతి వ్రేటునకును రెండు ఆరుముఖముల పాచికల హానిని అదనముగా గూర్చుచు, అతనికిని అతని ప్రక్కన నిలిచినవారికిని శత్రుమంత్రములనుండి రక్షణ నొసగును. 2014 నాటి అయిదవ కూర్పునందైతే పాలడిన్ కానివానికి ఆ ఖడ్గముతో అనుసంధానమే కుదరదు.